1877: వింబుల్డన్ పచ్చిక, మన ఎండిన చేలు

సాంస్కృతికోత్సవ సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘ కార్యవర్గం వారు అడిగినప్పుడల్లా ఏ పండుగ గురించో, ఏ కవి గురించో వ్రాసి ఇవ్వడం మాకు అలవాటు. ఈసారి టెన్నిస్ ఆట గురించి వ్రాస్తున్నాము. మాస్టారికి ఈ వయసులో ఇదేమి సరదా అని చదువరులు నవ్వుకోవచ్చు. తప్పు మాది కాదు, మా తరగతిలోని ఒక పిల్లవాడిది.

మా తాతగారు, మా నాన్నగారు, ఆ తర్వాత మేము – మూడు తరాలుగా బడిపంతుళ్ళం. మా చదువంతా ఇంగ్లీషులో సాగినందున మా తెలుగు కూడా చాలావరకు ఈ సాయంకాలపు తరగతిలో పిల్లలతో కలిసి నేర్చుకున్నదే. దోషాలుంటే పెద్దలు మన్నించాలి. మొన్న ఒక సాయంత్రం, టెన్నిస్ శిక్షణ నుంచి నేరుగా తరగతికి వచ్చిన పదేళ్ళ కుర్రవాడు, చేతిలోని రాకెట్టు ఇంకా కింద పెట్టకుండానే అడిగాడు: “మాస్టారూ, పదిహేను, ముప్పై తర్వాత నలభై అయిదు రావాలి కదా! నలభై అంటారేమిటండీ?” చెబుతామని పుస్తకాలు తిరగవేశాము. వచ్చే వారం వింబుల్డన్ కథ చెప్పాము. అంతా విని వాడు రెండో ప్రశ్న వేశాడు: “మరి అప్పుడు మనవాళ్ళు ఏం చేస్తున్నారండీ?”

మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. రెండోదానికి జవాబు చెప్పడానికే ఈ వ్యాసం. ముందు ఆట సంగతి చూద్దాం.

పచ్చిక మీద ఆడే టెన్నిస్ పుట్టడానికి ముందు రెండు వస్తువులు పుట్టవలసి వచ్చింది. ఒకటి గడ్డి కోసే యంత్రం. దానిని 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ కనిపెట్టాడు. అంతకు ముందు కొడవళ్ళతో కోసిన పచ్చిక మీద బంతి సరిగా ఎగిరేది కాదు. రెండోది గంధకంతో కాచి గట్టిపరచిన రబ్బరు. దానికి అమెరికాలో చార్లెస్ గుడ్ఇయర్ 1844లో పేటెంటు పొందాడు. పాత టెన్నిస్ నాలుగు గోడల మధ్య, గట్టిగా చుట్టిన గుడ్డ బంతితో, రాజులు, ప్రభువులు ఆడిన ఆట. రబ్బరు బంతి వచ్చాక ఆ ఆట గోడలు దాటి తోటలోకి వచ్చింది.

1874లో మేజర్ వాల్టర్ వింగ్‌ఫీల్డ్ అనే ఆయన వల, రాకెట్లు, బంతులు ఒక పెట్టెలో సర్ది, దానికి ‘స్ఫైరిస్టికె’ అని నోరు తిరగని గ్రీకు పేరు పెట్టి అమ్మకానికి పెట్టాడు. ఆయన కోర్టు నడుము సన్నగా, డమరుకం ఆకారంలో ఉండేది. పేరు నిలవలేదు గాని ఆట నిలిచింది. పెద్దింటి తోటలలో అదొక వినోదమైంది. అయితే ఏ ఊరి నియమం ఆ ఊరిది, ఏ ఇంటి కొలత ఆ ఇంటిది.

లండను శివారులోని వింబుల్డన్‌లో, వర్పుల్ రోడ్డు పక్కన నాలుగు ఎకరాల స్థలంలో ఒక క్లబ్బు ఉండేది. 1868లో స్థాపించినప్పుడు అది క్రోకే ఆట కోసమే. కొయ్య సుత్తితో బంతిని కమ్మీల కిందుగా దొర్లించే ఆట అది. 1875లో హెన్రీ జోన్స్ అనే సభ్యుని సలహా మీద ఒక పచ్చికను టెన్నిస్‌కు కేటాయించారు. రెండేళ్ళలో కొత్త ఆట పాత ఆటను వెనక్కి నెట్టింది. 1877 ఏప్రిల్‌లో క్లబ్బు పేరులోనే ‘లాన్ టెన్నిస్’ చేర్చారు. జూన్ నెలలో ‘ది ఫీల్డ్’ పత్రికలో ఒక ప్రకటన వచ్చింది: జూలై 9, సోమవారం మొదలుకొని పోటీ జరుగుతుంది, ప్రవేశ రుసుము ఒక గినీ, రాకెట్టు ఎవరిది వారే తెచ్చుకోవాలి, మడమలేని బూట్లు వేసుకోవాలి. పచ్చికను చదునుచేసే, పొట్టి గుర్రం లాగే రోలరు చెడిపోతే దాని మరమ్మతు డబ్బు కోసం ఈ పోటీ పెట్టారని ఆ క్లబ్బులో చెప్పుకునే కథ. ప్రపంచంలో పేరుమోసిన టెన్నిస్ పోటీకి మూలం ఒక రోలరు ఖర్చు అన్నమాట!

‘ది ఫీల్డ్’ సంపాదకుడు వాల్ష్ ఆ క్లబ్బు వ్యవస్థాపకులలో ఒకరు. ఆయన ప్రోద్బలంతో పత్రిక వారు 25 గినీల వెండి కప్పు ఇచ్చారు. నియమాలు వ్రాయడానికి ముగ్గురు కూర్చున్నారు: హెన్రీ జోన్స్, జూలియన్ మార్షల్, సి. జి. హీత్‌కోట్. డమరుకం ఆకారాన్ని తీసివేసి, కోర్టు పొడవు 78 అడుగులు, వెడల్పు 27 అడుగులు అని తేల్చారు. నేటికీ సింగిల్స్ కోర్టు కొలత అదే. కువైట్‌లో మన పిల్లలు ఆడుతున్న ప్రతి కోర్టు మీదా ఆ ముగ్గురి కొలబద్ద ఉంది.

ఇక మా శిష్యుడి పదిహేను, ముప్పై సంగతి. వింగ్‌ఫీల్డ్ ఆటలో లెక్క ఒకటి, రెండు అంటూ పదిహేను దాకా సాగేది. సర్వు చేసేవారికే పాయింటు వచ్చేది. ఈ ముగ్గురూ దానిని వదలి, పాత గోడల టెన్నిస్ లెక్కను తీసుకున్నారు. ఆ పాత ఆటలో పదిహేను, ముప్పై, నలభై అయిదు అనే పిలిచేవారు. పిలిచి పిలిచి నాలుక పొదుపు కోసం నలభై అయిదు కాస్తా నలభై అయింది. మన ‘వచ్చుచున్నాడు’ ‘వస్తున్నాడు’ అయినట్లే. తెలుగు మాస్టారికి ఇది వింతగా తోచదు.

పోటీకి 22 పేర్లు వచ్చాయి. ఒకరు రానేలేదు. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. పిల్లల చేత నల్లబల్ల మీద చేయించాము. 22 మంది జతలుగా ఆడితే మిగిలేది 11. పదకొండును జతకడితే ఒకరు మిగులుతారు, ఆయన ఆడకుండానే పైకి వెళ్తాడు. అలా 6, ఆపైన 3. ముగ్గురిలో ఇద్దరే ఆడగలరు. కనుక విలియం మార్షల్ అనే ఆయన (నియమాల మార్షల్ వేరు) ఆడకుండానే చివరి ఆటకు చేరాడు. రెండో జతలో స్పెన్సర్ గోర్, నియమకర్త హీత్‌కోట్ ఆడగా గోర్ గెలిచాడు. ఈ ఇబ్బంది మొదటి రౌండులోనే తీరిపోయే పద్ధతి తర్వాతి కాలంలో వచ్చింది. మొదటిసారి చేసిన ఏ పనిలోనైనా ఇటువంటి లొసుగులు ఉంటాయి. వాటి కోసం పని మానుకోలేదు వారు.

మరొక ముచ్చట. ఆ వారం శుక్ర, శనివారాలు ఈటన్, హారో బడుల మధ్య లండనులో క్రికెట్ మ్యాచి. పెద్దమనుషులందరూ అటే పోతారు గనుక టెన్నిస్ పోటీని ఆపివేశారు! చివరి ఆట సోమవారం 16వ తేదీకి వాయిదా పడింది. ఆనాడు వర్షం. మళ్ళీ గురువారం, జూలై 19కి వాయిదా. తడి ఆరని పచ్చిక మీద, తలకొక షిల్లింగు ఇచ్చి వచ్చిన సుమారు 200 మంది ఎదుట, 27 ఏళ్ళ గోర్ 6–1, 6–2, 6–4 తేడాతో మార్షల్‌ను ఓడించాడు. మొత్తం 48 నిమిషాలు. గోర్ వలకు దగ్గరగా దూసుకు వచ్చి, బంతి నేలను తాకక ముందే కొట్టేవాడు. వల అంచుల్లో 5 అడుగుల ఎత్తు ఉండడంతో ఎదుటివారికి పక్కలకు కొట్టి తప్పించుకోవడం కష్టమైంది.

గెలిచిన గోర్‌కు ఈ ఆట మీద గొప్ప అభిప్రాయం ఏమీ లేదు. క్రికెట్, రాకెట్స్ బాగా ఆడగలవారు దీనితో త్వరలోనే విసిగిపోతారని 1890లో వ్రాశాడు. మరుసటి ఏడు అతణ్ణి ఓడించిన ఫ్రాంక్ హేడో సింహళంలో తోటల వ్యాపారం చేసుకునే దొర. సెలవు మీద స్వదేశం వచ్చి, వల దగ్గర కాచుకున్న గోర్ తల మీదుగా బంతిని ఎత్తి ఎత్తి కొట్టి గెలిచి, కప్పు నిలబెట్టుకోవడానికి మరుసటి ఏడు రాకుండా తోటలకే వెళ్ళిపోయాడు.

అంటే తొలి విజేతలిద్దరూ ఆటను నిలబెట్టినవారు కారు. నిలబెట్టినది హెన్రీ జోన్స్ అని మా అభిప్రాయం. ఆయన ఆడలేదు, పోటీకి రిఫరీగా ఉండి లెక్క వ్రాసుకున్నాడు. పోటీలో మొత్తం 601 గేములు జరిగితే, సర్వు చేసినవారు 376 గెలిచారు, 225 ఓడారు. ఇది న్యాయంగా లేదని ఆయనకు తోచింది. మరుసటి ఏటి పోటీ నాటికి వల ఎత్తు తగ్గించారు, సర్వు పడవలసిన గీతను వలకు 26 అడుగుల నుంచి 22 అడుగులకు జరిపారు. నియమం వ్రాయడం, ఆడించి చూడడం, లెక్క వేయడం, దిద్దడం – ఒక పోటీ శతాబ్దం దాటి బ్రతకడానికి కారణం అదే.

ఇక రెండో ప్రశ్న. “అప్పుడు మనవాళ్ళు ఏం చేస్తున్నారు?”

దీనికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కాని కువైట్‌లోని తెలుగు కుటుంబాలలో ఎన్నో కడప, చిత్తూరు, నెల్లూరు సీమల నుంచి వచ్చినవే. ఆ పిల్లవాడి తాతగారిది కూడా కడప జిల్లాయే. కాబట్టి ఉన్నమాట చెప్పాము.

1877 జూలైలో మన సీమ ఆకలితో మాడుతున్నది. ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో, వానలు ముఖం చాటేశాయి. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు మొదలుకొని మద్రాసు రాజధాని అంతటా, మైసూరులోనూ కరువు వ్యాపించింది. ధాత కరువు అని మన పెద్దలు చెప్పుకున్నది ఇదే. 1877 జనవరి 1న ఢిల్లీలో గొప్ప దర్బారు చేసి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించారు. ఆ విందులు జరుగుతున్న వారంలోనే మన పల్లెల నుంచి జనం మూటలు కట్టుకుని కరువు పనులకు నడిచిపోతున్నారు. ఖర్చు తగ్గించమని పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, ఆ ఏడు మొదట్లో, దినమంతా రాళ్ళు కొట్టి మట్టి మోసిన మగవానికి ఒక పౌండు ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. ఆడవారికి, పిల్లలకు అంతకన్నా తక్కువ. ఆ తిండితో మనిషి పని చేయలేడని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించిన తర్వాత కొద్దిగా పెంచారు. గోధుమలు మాత్రం ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి.

వింబుల్డన్‌లో వాన పడి చివరి ఆట వాయిదా పడింది అని వ్రాశాము గదా. ఆ రోజుల్లోనే కర్నూలు, కడప రైతులు రెండో ఏడు కూడా రాని వాన కోసం ఆకాశం వంక చూస్తున్నారు. మంచి వానలు పడింది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. ఈ కరువులో చనిపోయినవారు యాభై లక్షలకు పైనే అని చరిత్రకారుల అంచనా. మద్రాసులో బకింగ్‌హాం కాలువలో అడయారు, కూవం నదులను కలిపే భాగాన్ని 1877–78లో తవ్వినది ఈ ఆకలిగొన్న కూలీలే.

ఇది చెప్పి పిల్లల మనసు పాడుచేయాలా అని ఒక తల్లి తర్వాత మమ్మల్ని మెల్లగా అడిగింది. అమ్మా, టెన్నిస్ ఆడినవారు ఆ కరువు తెచ్చినవారని మేము చెప్పలేదు. వర్పుల్ రోడ్డు మీది 200 మందిలో కడప పేరు విన్నవారు ఎందరో! కాని ఒకే రాణి ఏలుబడిలో, ఒకే జూలై నెలలో, ఈ రెండూ జరిగాయి. ఒకటి వెండి కప్పు మీద చెక్కి ఉంది కనుక అందరికీ తెలుసు. రెండోది మన ముత్తవ్వల నోటి మాటగా మిగిలింది. మనం చెప్పకపోతే మన పిల్లలకు ఎవరు చెబుతారు?

ఈ కువైట్ నేల సంగతీ అడిగాడు వాడు. 1877లో ఇక్కడ షేక్ అబ్దుల్లా ఏలుబడి. వేసవి వస్తే మగవారు ముత్యాల వేటకు సముద్రం మీద ఉండేవారు. ఆ ముత్యాలు బొంబాయి బజారుకు పోయేవి. తర్వాతి కాలంలో మన రూపాయే ఇక్కడ చెల్లుబాటయ్యేది, 1961లో దినారు వచ్చేదాకా. పచ్చిక మాట దేవుడెరుగు, తాగునీరే కరువు.

ఆట మన దేశానికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. దండులోని దొరలతో పాటు వచ్చింది. 1885లో లాహోరులో పంజాబు పోటీలు, 1887లో కలకత్తాలో బెంగాలు పోటీలు మొదలయ్యాయి. పచ్చిక మనది, నీరు పెట్టిన మాలి మనవాడు, క్లబ్బులోకి ప్రవేశం మాత్రం దొరలకు. మద్రాసులో చేపాకు క్రికెట్ మైదానంలోనూ ఇదే తీరు. పెవిలియన్‌లోకి భారతీయులకు ప్రవేశం లేదు, ఆడవచ్చినవారు చెట్టు కింద కూర్చోవలసిందే. దీనిని చూసి సహించలేకపోయిన ఒక తెలుగువాడు ఉన్నాడు. ఆయన మోతవరపు వెంకట మహీపతి నాయుడు. బుచ్చిబాబు నాయుడు అంటేనే అందరికీ తెలుసు. 1888లో, ఇరవై ఏళ్ళ వయసులో, మన కుర్రవాళ్ళ కోసం మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించాడు. దొరల తలుపు తట్టుతూ నిలబడలేదు. వేరే మైదానం చూసుకుని, బ్యాట్లు బంతులు తానే కొనిపెట్టి, ఆట నేర్పించాడు. ఆయన 1908లో, నలభై ఏళ్ళకే, దొరల జట్టుతో మన జట్టు ఆడవలసిన తొలి ప్రెసిడెన్సీ మ్యాచికి కొద్ది రోజుల ముందు కన్నుమూశాడు.

ఆయన కుమారులలో ఒకరు, మాతామహుల ఇంటికి దత్తు వెళ్ళి కోటా రామస్వామి అయ్యారు. 1896లో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదువుతూ విశ్వవిద్యాలయం తరఫున టెన్నిస్ ఆడారు. 1922లో డేవిస్ కప్పులో భారతదేశం తరఫున ఆడారు. డేవిస్ కప్పు కూడా విక్టోరియా కాలపు చివరి ఏడు, 1900లో, అమెరికాలో మొదలైనదే. అదే 1922లో వింబుల్డన్ పోటీలు వర్పుల్ రోడ్డు వదలి ఇప్పటి చర్చ్ రోడ్డు మైదానానికి మారాయి. తొలి పోటీ జరిగిన 45 ఏళ్ళకు, చెట్టు కింద కూర్చోబెట్టిన వారి ఇంటి బిడ్డ దేశం పేరు చొక్కా మీద వేసుకుని ఇంగ్లండు పచ్చిక మీద నిలిచాడు. అంతటితో ఆగలేదు. 1936లో, నలభై ఏళ్ళ వయసులో, మాంచెస్టరులో తొలి క్రికెట్ టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశారు. రెండు ఆటలలోనూ దేశానికి ఆడిన అరుదైన మనిషి. చివరి దశలో, 1985 అక్టోబరులో, అడయారులోని ఇంటి నుంచి బయటికి వెళ్ళిన ఆ పెద్దాయన మళ్ళీ కనిపించలేదు. ఆయన పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

మరొక తలుపు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తరగతిలో ఆడపిల్లలే ఎక్కువ. 1877లో స్త్రీలకు పోటీ లేదు. 1884లో పెట్టారు. 13 మంది ఆడారు. మాడ్ వాట్సన్ అనే యువతి తన అక్క లిలియన్‌ను ఓడించి గెలిచింది. 131 ఏళ్ళ తర్వాత, 2015లో, మన హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా, మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ స్త్రీల డబుల్స్ కప్పు ఎత్తింది. ఈ పేరు చెప్పగానే తరగతి అంతా చప్పట్లు.

చివరగా మన సంగతి. మేము ఈ తెలుగు తరగతిని 1988లో సాల్మియాలో ఒక మిత్రుని ఇంటి ముందు గదిలో అయిదుగురు పిల్లలతో మొదలుపెట్టాము. 1990 ఆగస్టు 2 తర్వాత అయిదుగురూ అయిదు దిక్కులయ్యారు. అమ్మాను మీదుగా ఇల్లు చేరుకున్నప్పుడు మా చేతిలో ఒక సంచి మాత్రం ఉంది. హాజరు పట్టీ ఆ గదిలోనే పోయింది. 1993లో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు వచ్చింది ముగ్గురే. మూసివేద్దామా అనుకున్న రోజులున్నాయి. 1940లో వింబుల్డన్ ప్రధాన మైదానం మీద బాంబు పడింది. ఆరేళ్ళు పోటీలు లేవు. 1946లో, విరిగిన కుర్చీలు ఇంకా బాగుచేయకుండానే, మళ్ళీ ఆడారు. ఇది అప్పట్లో మాకు తెలియదు. తెలిసి ఉంటే కొంత ధైర్యంగా ఉండేది. ఈనాడు మా మొదటి శిష్యుల పిల్లలు తరగతికి వస్తున్నారు. టెన్నిస్ రాకెట్టుతో వచ్చినవాడు వారిలో ఒకడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలను టెన్నిస్‌కు తప్పక పంపండి. 2020లో ఇక్కడ నాదల్ పేరున అకాడమీ కూడా వచ్చింది, అదృష్టవంతులు. ఆట అయ్యాక తరగతికి కూడా పంపండి, చెమట ఆరకపోయినా ఫరవాలేదు. ఈ నెల పిల్లలకు ఇంటిపని ఇచ్చాము: ఊళ్ళోని తాతయ్యకో, అమ్మమ్మకో, జేజికో ఫోను చేసి, ధాత కరువు నాడు మన ఇంటివారు ఎక్కడ ఉన్నారు, ఏమి తిన్నారు, ఎటు నడిచారు అని అడిగి, విన్నది తెలుగులో వ్రాసుకు రావాలి. రెండు వాక్యాలైనా చాలు. ఇద్దరు ఇప్పటికే తెచ్చారు. కొత్త హాజరు పట్టీ వెనుక పేజీలలో వాటిని అతికిస్తున్నాము.